ఆసుపత్రి కుళాయిలకు నీళ్లు ఆదా చేసే జాలీలు: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి?

కుళాయి మూతికి బిగించే ఏరేటర్ అనే జాలీ నీళ్లలో గాలి కలిపి, తక్కువ నీళ్లనే నిండు ధారలా చూపిస్తుంది. ఇంట్లో పెట్టుకుంటే మంచిదే. ఆసుపత్రిలో మాత్రం బిగించే ముందు, ఆ కుళాయిని వాడే రోగి ఎవరో చూడాలి.

2011 చివర్లో, 2012 మొదట్లో ఉత్తర ఐర్లండ్‌లోని నవజాత శిశువుల వార్డుల్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకి నలుగురు పసికందులు చనిపోయారు. ఆరా తీస్తే, కుళాయి మూతిలో ధారను సరిచేసే చిన్న భాగాల్లో బ్యాక్టీరియా తిష్ట వేసి కనిపించింది. చెయ్యి పెడితే వాటంతటవే తెరుచుకునే సెన్సర్ కుళాయిలూ ఇందుకు మినహాయింపు కాదు. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పరిశోధకులు చూస్తే సెన్సర్ కుళాయిల నీటి నమూనాల్లో 50 శాతంలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగింది, చేత్తో తిప్పేవాటిలో 15 శాతంలోనే. సెన్సర్ కుళాయి లోపల వాల్వులు, రబ్బరు భాగాలు ఎక్కువ. బ్యాక్టీరియా పట్టుకోవడానికి అంత చోటు దొరుకుతుంది.

1. విప్పి చూడండి

ముందు ఏ కుళాయికి ఏముందో జాబితా రాయండి. తర్వాత ఒకదాన్ని విప్పి, జాలీని బోర్లించి వెలుతురులో పట్టుకోండి. సున్నపు పెచ్చులు, తుప్పు నలుసులు, వేలికి తగిలే జిగురు ఉంటాయి. ఆ జిగురే బయోఫిల్మ్, అంటే బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే పొర. క్లోరిన్ దాని లోపలిదాకా సరిగ్గా చేరదు.

2. వార్డును బట్టి తేల్చండి

ఐసీయూ, నవజాత శిశువుల వార్డు, కాలిన గాయాల వార్డు, మూలకణ మార్పిడి విభాగం: వీటిలో గాలి కలిపే ఏరేటర్ వద్దు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బృందంతో మాట్లాడి తీసేయించండి. తీశాక నీళ్లు చిందుతున్నాయేమో చూసి, సింక్ కింది వాల్వు కాస్త తిప్పి ఒత్తిడి తగ్గించండి. ఆఫీసు గదుల్లో ఉంచుకోవచ్చు, కానీ శుభ్రం చేసే బాధ్యత ఫలానా వారిదని రాతపూర్వకంగా ఉండాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

3. నీళ్లు నిలవనివ్వకండి

ధార తగ్గితే పైపులో నీళ్లు ఎక్కువసేపు నిలుస్తాయి. క్లోరిన్ తగ్గిపోతుంది, చన్నీళ్లు గది వేడికి గోరువెచ్చనవుతాయి. లెజియోనెల్లాకు 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. అందుకే రిస్క్ ఎక్కువున్న వార్డుల్లో రోజూ పొద్దున్నే ప్రతి కుళాయినీ ఒక నిమిషం వదలండి. ఇది నీళ్ల వృథా అని టెన్షన్ పడొద్దు.

4. సింక్‌ను చేతులకే వదిలేయండి

మిగిలిన సెలైన్, రోగి ఒళ్లు తుడిచిన నీళ్లు చేతులు కడిగే సింక్‌లో పోయకూడదు. బ్యాక్టీరియాకు అది మేత. తుడిచేటప్పుడు ముందు కుళాయి, తర్వాత తొట్టి, చివర్లో నీళ్లు పోయే కన్నం. వరస తిరగబడితే కన్నంలోని క్రిములు గుడ్డతోపాటు కుళాయి మూతికి ఎక్కుతాయి.

5. రెండు నమూనాలు తీయండి

పరీక్షకు నీళ్లు పట్టేటప్పుడు చాలామంది ముందు కాసేపు వదిలేస్తారు. అలా చేస్తే కుళాయిలోని తప్పు కొట్టుకుపోతుంది. కుళాయి ఇంకా ఎవరూ వాడకముందే వచ్చే మొదటి ధారను ఒక సీసాలో పట్టండి, రెండు నిమిషాలు వదిలాక మరో సీసాలో పట్టండి. మొదటిదాంట్లోనే ఎక్కువగా సూడోమోనాస్ ఉంటే లోపం మూతిలోనో, దగ్గరి పైపులోనో ఉన్నట్టు. రెండింట్లోనూ ఉంటే వెనక లైనంతా చూడాలి.

6. ఆదా వేరే చోట వెతకండి

నా లెక్కలో రోగి దగ్గరి కుళాయి నీళ్లు ఆదా చేసే చోటే కాదు. కారే ఫ్లష్ ట్యాంకులు, లాండ్రీ ముందు చూడండి. డయాలిసిస్ యూనిట్ ఉంటే ఇంకా మంచిది: మామూలు నాలుగు గంటల డయాలిసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధ నీరు కావాలి, అది తయారయ్యేటప్పుడు ఆర్‌ఓ యంత్రం పక్కకు నెట్టేసే నీరు నేరుగా డ్రైనేజీలోకి పోతుంది. రోగి రక్తం ఛాయలకు కూడా రాని ఆ నీటిని ట్యాంకుకు మళ్లించి టాయిలెట్ ఫ్లష్‌లకు వాడుకోవచ్చు.