గాజు గుండె పూస: బుగ్గలు కుదరడమే పని

మురానో (ఇటలీలో గాజు పనికి పేరున్న దీవి) మెత్తని గాజు కడ్డీ తీసుకోండి. స్టీలు చువ్వకు మట్టిపూత పూసి ఆరనివ్వండి. పూత లేకపోతే పూస ఊడిరాదు. డిడిమియం కళ్లద్దాలు తప్పనిసరి, మంటలో గాజు నుంచి వచ్చే సోడియం పసుపు వెలుగును అవి ఆపుతాయి. అవి లేకపోతే ఆ వెలుగులో పని కనబడదు.

గాజును మంటలో కరిగించి, చువ్వ తిప్పుతూ శంకువులా చుట్టండి. వెడల్పు అంచుమీద, చువ్వకు అటూ ఇటూ రెండు చుక్కలు పెట్టండి. అవే గుండె ఆకారానికి పైనుండే రెండు బుగ్గలు. ఒకటి పెద్దదైతే చిన్నదానికి గాజు కలపండి. పెద్దదాన్ని గిల్లితే గాటు మిగులుతుంది, నాకు అది అసలు నచ్చదు. మంట బయటకు తీసి, ఎరుపు తగ్గుతుండగా చదును పటకారుతో నొక్కండి. అంచులకు మళ్లీ మంట చూపితే గుండ్రబడతాయి.

వెంటనే సుమారు 510 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో అరగంట ఉంచి, నిదానంగా చల్లార్చండి. చిల్లులోని మట్టిని తడిపే రుద్దండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.