మాన్యువల్‌లో పేరా నంబర్లు చెదిరినప్పుడు: నా అనుభవం

శాఖ మాన్యువల్‌లో 4.3 తర్వాత కొత్త పేరా చేర్చగానే కింది నంబర్లన్నీ జరిగాయి, "4.7 చూడండి" అన్నచోట్ల మాత్రం పాత అంకెలే మిగిలాయి. అవి చేత్తో టైపు చేసినవి. వర్డ్‌లో హెడింగ్ స్టైళ్లకు మల్టీలెవల్ లిస్టు (4, 4.1 అంటూ తానే నంబర్లు వేసేది) కలిపి, ఆ ప్రస్తావనలన్నీ క్రాస్ రిఫరెన్సులుగా (అసలు పేరా నంబరును అనుసరించేవి) మళ్లీ పెట్టాను. తర్వాత కంట్రోల్+ఎతో అంతా ఎంచి, ఎఫ్9 నొక్కితే అవి కొత్త నంబర్లకు మారాయి. (ఫుట్‌నోట్లలోకి వెళ్లి విడిగా నొక్కాలి.)

ఇదంతా ముసాయిదాకే. జారీ అయిన మాన్యువల్‌లో నంబర్లు కదపకూడదు. పాత ఉత్తర్వులు, ఆడిట్ అభ్యంతరాలు వాటినే పట్టుకుని ఉంటాయి. అక్కడ కొత్త పేరాకు 4.3-ఎ ఇచ్చాను. దానికి లిస్టుతో సంబంధం లేని స్టైలు పెట్టకపోతే కిందివి మళ్లీ జరుగుతాయి. రద్దయిన పేరా నంబరు అలాగే ఉంచి, "తొలగించడమైనది" అని జీవో నంబరు, తేదీ రాయాలి. ఆ నంబరు ఇంకో విషయానికి ఇవ్వనే కూడదు.