కోళ్లు ఉన్నట్టుండి చనిపోతుంటే: మందు కొనే ముందు పెరడు చూడండి

రాత్రి బాగానే గూట్లోకి ఎక్కిన కోడి తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే, ఎక్కువమంది నేరుగా షాపుకెళ్లి యాంటీబయాటిక్ పొడి తెచ్చి నీళ్లలో కలిపేస్తారు. దయచేసి ముందు ఓ పది నిమిషాలు పెరడంతా తిరగండి. ఏ కోళ్లు పోయాయి, మిగతావి ఎలా నిలబడుతున్నాయి, రెట్ట ఏ రంగులో ఉంది, ఎక్కడైనా కుళ్లు వాసన వస్తోందా? ఈ చివరిది దాదాపు ఎవరూ చూడరు.

మెడ మెలితిరిగింది, ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి

కొక్కెర తెగులు. వచ్చాక దీనికి మందు లేదు, టీకాయే దిక్కు. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, 8 వారాలప్పుడు రెక్క కింద ఆర్‌2బి అనే టీకా సూది. జబ్బు పడ్డవాటిని వెంటనే వేరు చేయండి.

మెడ తిరగలేదు, వాలిపోయింది

అందరూ పొరపడేది ఇక్కడే. కాళ్లు పడిపోయాయి కాబట్టి ఇదీ కొక్కెరే అనుకుంటారు. లేదంటే పక్కింటివాళ్లు విషం పెట్టారని గొడవకు దిగుతారు. కోడిని చేతుల్లోకి తీసుకుని చూడండి. కొక్కెరలో మెడ బిగుసుకుని ఒక పక్కకి తిరుగుతుంది. ఇందులో తడిగుడ్డలా వేలాడుతుంది. ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, ఆఖరికి మెడ, కనురెప్పలు. ఈక పట్టి లాగితే సులువుగా ఊడివస్తుంది. ఇంకో గుర్తు: పెరడంతా కెలికి తినే బలమైన పుంజులు, పెట్టలు ముందు పోతాయి, గంప కింద పొదుగుతున్న పెట్టకు ఏమీ కాదు.

దీని పేరు బొట్యులిజం. కుళ్లిన మాంసంలో పెరిగే బ్యాక్టీరియా విషం చేస్తుంది. ఆ మాంసం మీద పుట్టిన ఈగల పురుగులు ఆ విషాన్ని ఒంట్లో నింపుకుంటాయి. వాటికి ఏమీ కాదు, వాటిని ఏరుకు తిన్న కోడి పోతుంది. చచ్చిన కోడి మేత సంచి కోసి చూస్తే ఆ తెల్ల పురుగులు ఒక్కోసారి అలాగే కనిపిస్తాయి.

మన విశాఖలో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. ఉక్కపోతలో ఏదైనా ఇట్టే కుళ్లుతుంది. హార్బర్ నుంచి తెచ్చిన చేపల తలకాయలు, పేగులు బలమని కోళ్లకు వేస్తారు, మిగిలింది గోడవార పడి ఉంటుంది. చచ్చిన కోడినేమో గెడ్డలో పడేస్తారు. మర్నాటికి అక్కడ ఇంకో పది ఇళ్ల కోళ్లు మేస్తుంటాయి.

ముందు కోళ్లన్నిటినీ గూట్లో మూసేసి నూకలు, మంచినీళ్లు పెట్టండి. తర్వాత గూటి చెక్కల కింద, వాటర్ ట్యాంకు వెనక, కొబ్బరి మట్టల పోగు కింద వెతకండి. చచ్చిన ఎలుకో, పాత చేపల కుప్పో దొరికితే చేతికి కవరు తొడుక్కుని పురుగులతో సహా తీసి, లోతుగా గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చండి. పడిపోయిన కోడిని నీడలో గడ్డి మీద తల ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టి, ముక్కు అంచున చుక్క చుక్కగా నీళ్లు పట్టండి. గొంతులో పోయకండి, మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల ఇంకా నిలుపుతున్నవి చాలావరకు కొద్దిరోజుల్లో తేరుకుంటాయి. విషం మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చావబోతోందని కోసుకుని మాత్రం తినకండి.

మిగతావి

పిల్లల రెట్టలో రక్తం ఉంటే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు: తడి పొట్టు మార్చి ఆంప్రోలియం అనే మందు వాడండి. మే నెల మధ్యాహ్నం రెక్కలు చాపి రొప్పుతూ పోతే వడదెబ్బ. బూజు పట్టిన మొక్కజొన్న, ఎలుకల మందు తిని పోవడం అరుదు.

జుట్టు నీలంగా మారి, మొహం వాచి, ఒకటి రెండు రోజుల్లో సగం మంద పోతే బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది అదే. అప్పుడు కోసి చూడకండి, ముట్టుకోకండి, కోళ్లను బయటికి వదలకండి. 1962కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో చెప్పండి.