మీ జిల్లాలో చిన్న పరిశ్రమలు నిజంగా పెరుగుతున్నాయా? లెక్కలు చదివే పద్ధతి

జిల్లాలో ఈ ఏడాది ఇన్ని వేల కొత్త యూనిట్లు వచ్చాయన్న ప్రకటన చూసి మిల్లు పెట్టాలనో, గోదాము కట్టి అద్దెకివ్వాలనో ఆలోచించేవారు ముందుగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ సంఖ్య సాధారణంగా నమోదులది. వ్యాపారం పెరిగిందో లేదో అది చెప్పదు.

మొదట ఉద్యమ్ నమోదులను, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో చేసుకునే నమోదులను పరిశీలించండి. 2020 జూలై 1న మొదలైన ఈ నమోదు ఉచితం, దీనికి ఏటేటా పునరుద్ధరణ లేదు. అందువల్ల మూతపడిన యూనిట్లు కూడా చాలావరకు జాబితాలోనే ఉండిపోతాయి. 2023 జనవరిలో జీఎస్టీ నమోదు లేని అతి చిన్న వ్యాపారాలను బ్యాంకులు తదితర సంస్థల ద్వారా నమోదు చేసే ఉద్యమ్ అసిస్ట్ వేదిక వచ్చాక, ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న దుకాణాలు కూడా కాగితం మీద కొత్తవిగా కనిపించాయి. పైగా 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ టర్నోవర్ పరిమితి 5 కోట్ల నుంచి 10 కోట్లకు, పెట్టుబడి పరిమితి కోటి నుంచి రెండున్నర కోట్లకు పెరిగింది కాబట్టి, నిన్నటి చిన్న సంస్థ ఏ మార్పూ లేకుండానే నేడు సూక్ష్మ సంస్థ కావచ్చు.

పాత లెక్కతో పోల్చేటప్పుడు జిల్లా సరిహద్దును కూడా సరిచూడాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కనుక అంతకు ముందరి శ్రీకాకుళం అంకెలను ఇప్పటి శ్రీకాకుళంతో నేరుగా పోల్చడం కుదరదు.

జీఎస్టీ విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. సరుకు అమ్మేవారికి జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే ఏడాది టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు కాగా తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. అందుచేత ఖమ్మంలో ఎక్కువ మంది డీలర్లు కనిపించినంత మాత్రాన పక్కనున్న ఎన్టీఆర్ జిల్లా వెనుకబడినట్టు కాదు. రెండోది, ఈ పన్ను సరుకు వినియోగమయ్యే రాష్ట్రానికి చెందుతుంది. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు ఇతర రాష్ట్రాలకు పోయినప్పుడు అక్కడి మిల్లుల పని మన రాష్ట్ర వసూళ్లలో పూర్తిగా ప్రతిఫలించదు.

అసలైన పరీక్ష ధరను, పరిమాణాన్ని వేరు చేయడంలో ఉంది. ఉదాహరణకు ఒక జీడి మిల్లు నిరుడు కిలో 700 రూపాయల చొప్పున 70 లక్షల పప్పు అమ్మిందని, ఈ ఏడాది 875 చొప్పున 84 లక్షలది అమ్మిందని అనుకుందాం. టర్నోవర్ 20 శాతం పెరిగింది, కానీ అమ్మిన సరుకు 10,000 కిలోల నుంచి 9,600 కిలోలకు తగ్గింది. దీనిని వృద్ధి అని నేనైతే అనను. పంట లెక్కను మిల్లు లెక్కగా పొరబడడం కూడా ఇలాంటిదే: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు జీడి తోటలను కూల్చింది, కానీ పలాస మిల్లులు ఆఫ్రికా నుంచి దిగుమతయ్యే జీడి పిక్కలను (పొట్టు తీయని గింజలను) కూడా ఆడిస్తాయి కాబట్టి తోట నష్టాన్ని బట్టి మిల్లుల పరిస్థితిని తేల్చలేము.

టర్నోవర్ కన్నా నమ్మదగినది కరెంటు. మీ ప్రాంత విద్యుత్ సబ్‌డివిజన్ కార్యాలయంలో పరిశ్రమల ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) కేటగిరీ-3 కనెక్షన్ల సంఖ్యతో పాటు వాటి నెలవారీ వినియోగాన్ని కూడా అడగండి. అక్కడ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. కనెక్షన్లు పెరిగి ఒక్కో కనెక్షన్‌పై కరెంటు యూనిట్లు తగ్గుతూ ఉంటే షెడ్లు ఉన్నాయి గానీ పని లేదని అనుమానించాలి. పోలిక ఎప్పుడూ నిరుటి అదే నెలతోనే జరగాలి, ఎందుకంటే పిక్కలు దిగే వేసవికీ ఇతర నెలలకూ పొంతన ఉండదు. బ్యాంకు అప్పుల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది, అయితే క్యాష్ క్రెడిట్ (సరుకు నిల్వల మీద వాడుకునే బ్యాంకు అప్పు) బాకీ పెరగడానికి అమ్ముడుపోని నిల్వలు కూడా కారణం కావచ్చు.

చివరగా, కొనేవారు ఎందరో చూడండి. తెలంగాణలోని సిరిసిల్లలో 2017 నుంచి ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లతో సాంచాలు (మరమగ్గాలు) జోరుగా నడిచాయి. ఆ ఆర్డర్లు ఆగాక ఆసాములకూ (కొద్దిపాటి సాంచాల యజమానులకూ) కార్మికులకూ పని కరువైంది. ఏ ఊరి పరిశ్రమనైనా అంచనా వేసేటప్పుడు, సగానికి పైగా సరుకు ఒకే కొనుగోలుదారుకు పోతోందా, బిల్లులు చట్టం చెప్పిన 45 రోజుల్లో వస్తున్నాయా అని కనీసం నాలుగైదు యూనిట్ల యజమానులను అడగండి. ఆ తరువాత అక్కడి కార్మికులను వారానికి ఎన్ని రోజులు పని దొరుకుతోందో, నిరుడు ఇదే నెలలో ఎన్ని రోజులు దొరికిందో అడిగి, వారి జవాబును యజమానుల మాట పక్కన రాసుకోండి. రెండూ పొసగకపోతే కార్మికుల లెక్కకే ఎక్కువ విలువ ఇవ్వండి.