కొత్త డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ ప్రకటించగానే వచ్చే స్పందనలను బేరీజు వేయడం ఎలా?

కొత్త డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను (లోపలి అద్దం ద్వారా లెన్సులోంచే దృశ్యాన్ని చూపే, లెన్సులు మార్చుకోగల కెమెరాను) ఏ కంపెనీ ప్రకటించినా, పూట గడవకముందే ఫొటోగ్రాఫర్లలో మురిసిపోయేవారు కొందరు, పెదవి విరిచేవారు కొందరు తయారవుతారు. అప్పటికి వారిలో దాదాపు ఎవరూ ఆ కెమెరాను చేత్తో పట్టుకుని ఉండరు. వారి ముందున్నది కంపెనీ విడుదల చేసిన సాంకేతిక వివరాల పట్టిక మాత్రమే. అందువల్ల కొనాలా వద్దా అని ఆలోచించేవారు మొదట చేయవలసింది, వినబడుతున్న అభిప్రాయం పట్టిక చూసి చెప్పగలిగినదా, కెమెరాను వాడితే తప్ప తెలియనిదా అని తేల్చుకోవడం.

పట్టిక చూసి చెప్పగలిగినవి తక్కువేమీ కావు. బరువు, కార్డు స్లాట్ల సంఖ్య, సెకనుకు ఎన్ని ఫ్రేములు, షట్టర్ గరిష్ఠ వేగం, ఫోకస్ పాయింట్లు ఫ్రేములో ఎంత మేర విస్తరించి ఉన్నాయి అన్నవి మొదటి రోజే తెలిసిపోతాయి కాబట్టి, వాటిపై వచ్చే ఫిర్యాదును నమ్మవచ్చు. 2008 సెప్టెంబరులో కానన్ 5డి మార్క్ 2 ను ప్రకటించినప్పుడు, 21 మెగాపిక్సెళ్ల కొత్త సెన్సర్ పెట్టి, ఫోకస్ వ్యవస్థను మాత్రం 2005 నాటి 5డి లోనిదే ఉంచారని, 9 పాయింట్లలో మధ్యనున్న ఒక్కటే క్రాస్ రకమని (అడ్డగీతలనూ నిలువుగీతలనూ పట్టి ఫోకస్ చేయగలదని) చాలామంది నొచ్చుకున్నారు. ఆ కెమెరా మార్కెట్లో ఉన్నంతకాలం ఆ మాట నిజంగానే నిలిచింది. అదే ప్రకటనలోని ఫుల్ హెచ్‌డి వీడియోను మాత్రం, ఫొటోలు తీసే కెమెరాకు ఇదెందుకని కొందరు తీసిపారేశారు. 2009లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా వీడియోకు మాన్యువల్ ఎక్స్‌పోజర్ (వెలుతురును మనమే సరిచేసుకునే వీలు), 2010లో సెకనుకు 24 ఫ్రేముల వేగం వచ్చి చేరాయి. ఆ ఏడాదే అమెరికాలో ఒక టీవీ సీరియల్ ఎపిసోడ్‌ను ఈ కెమెరాతోనే చిత్రీకరించారు. నా అంచనాలో, ఫొటోగ్రాఫర్లు లోపాలను పట్టినంత చురుగ్గా కొత్త సౌకర్యాల ఉపయోగాన్ని ఊహించలేరు. లోపాన్ని చూపే తెగడ్తకు ఇచ్చే విలువను, కొత్త సౌకర్యాన్ని తీసిపారేసే ఈసడింపుకు ఇవ్వనక్కరలేదు.

తరువాత, మాట్లాడుతున్నవారు ఏం తీస్తారో గమనించాలి. 2012 ఫిబ్రవరిలో నికాన్ డి800 ను 36.3 మెగాపిక్సెళ్లతో, పూర్తి ఫ్రేములో సెకనుకు 4 షాట్ల వేగంతో ప్రకటించినప్పుడు ప్రకృతి దృశ్యాలు తీసేవారికి అది వరంగా కనిపించింది. ఆటలు, పక్షులు తీసేవారికి ఆ వేగం చాలలేదు. వేడుకల్లో వందలకొద్దీ ఫొటోలు తీసేవారు ఫైళ్ల పరిమాణం తలచుకుని బెంబేలెత్తారు. 14 బిట్ రా ఫైల్‌ను (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌ను) కుదించకుండా భద్రపరిస్తే ఒక్కొక్కటి 70 మెగాబైట్లు దాటుతుంది మరి. ముగ్గురి మాటా సరైనదే. మీ పని ఎవరి పనికి దగ్గరగా ఉందో వారి మాటనే లెక్కలోకి తీసుకోవాలి.

మెగాపిక్సెళ్ల గురించి వచ్చే మాటలను కాస్త లెక్క కట్టి చూడడం మంచిది. నికాన్ అంతకుముందరి మోడల్ డి700 ఫొటో వెడల్పు 4256 పిక్సెళ్లు, డి800 ది 7360. అంటే మొత్తం పిక్సెళ్లు మూడింతలైనా, ప్రింటును ఒక్కో వైపు పెంచుకోగలిగేది సుమారు 1.7 రెట్లే. నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) పెరిగిందని ఎవరైనా అంటే, రెండు కెమెరాల ఫొటోలనూ ఒకే పరిమాణానికి తగ్గించి పోల్చారో లేదో చూడాలి. ఒక్కో పిక్సెల్‌ను పెద్దది చేసి చూస్తే ఎక్కువ మెగాపిక్సెళ్లున్న కెమెరాయే సాధారణంగా ఓడిపోతుంది. పైగా ప్రకటన రోజున కనిపించే నమూనా చిత్రాలు తరచుగా జేపెగ్‌లు (కెమెరాయే మెరుగులు దిద్ది కుదించి ఇచ్చే ఫొటోలు), అవి కూడా ఫర్మ్‌వేర్ ఇంకా ఖరారు కాని బాడీలతో తీసినవి. రా ఫైళ్లు అందేదాకా ఆగి, తక్కువ ఐఎస్‌ఓలో (కాంతికి స్పందించే స్థాయి తక్కువగా పెట్టి) తీసిన ఒక ఫైల్‌ను తెరిచి, నీడలను మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పైకి లేపి చూడాలి. నల్లని కోటు మడతల్లో నేత కనిపిస్తే సరే. అక్కడ రంగు మచ్చలో, అడ్డగీతలో తేలితే ఆ సెన్సర్ పరిమితి ఎంతో అర్థమవుతుంది.

కొన్ని లోపాలు పట్టికలోనూ కనిపించవు, నమూనా చిత్రాల్లోనూ కనిపించవు. నికాన్ డి600 ను 2012 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు చర్చంతా షట్టర్ గరిష్ఠ వేగం 1/4000 సెకను దగ్గరే ఆగిందని, ఫోకస్ పాయింట్లన్నీ మధ్యలో గుమిగూడాయని సాగింది. సెన్సర్‌పై మచ్చలు పడతాయన్న అసలు సమస్య కొన్నవారు వాడడం మొదలుపెట్టాక బయటపడింది. 2013 అక్టోబరులో కొత్త షట్టర్‌తో డి610 వచ్చింది. 2014లో డి600 యజమానులకు ఉచితంగా షట్టర్ మార్చి ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది. తొందర లేనివారు మొదటి విడత కెమెరాలు కొన్ని నెలలు జనం చేతుల్లో తిరిగేదాకా ఆగడమే మేలని నా సలహా.

కెమెరా దుకాణంలోకి వచ్చాక మీ సొంత లెన్సును, మీరు వాడే కార్డునే తీసుకువెళ్లాలి. రా లో పెట్టి షట్టర్ బటన్‌ను నొక్కి పట్టి, బఫర్ (కార్డులోకి చేరేముందు ఫొటోలు నిలిచే తాత్కాలిక మెమరీ) నిండి వేగం తగ్గేలోపు ఎన్ని షాట్లు పడ్డాయో లెక్కపెట్టాలి. ఎఫ్/16 వద్ద (లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి) తెల్లని గోడను ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసుకుంటే సెన్సర్‌పై మచ్చలుంటే బయటపడతాయి. కంటిని వ్యూఫైండర్ నుంచి తీయకుండానే ఐఎస్‌ఓ, ఫోకస్ పాయింట్ మార్చగలుగుతున్నారో లేదో కూడా అక్కడే చూసుకోవాలి. బటన్ల అమరికపై ఇతరులు చెప్పే మాట వారి వేళ్ల పొడవును బట్టి ఉంటుంది.