ఇంటి లెక్క చేతులు మారేటప్పుడు ఏ వయసులో ఏ కాగితం సరిచూసుకోవాలి

ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వడం వేరు, ఇంటి లెక్క చూడడం వేరు. ఇద్దరు ముగ్గురు సంపాదిస్తున్న ఇళ్లలో కూడా బీమా బాండ్లు ఎక్కడున్నాయో, ఎవరికి ఎంత బాకీ ఉందో, ఏ చీటీ ఏ నెలతో అయిపోతుందో తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్కరు మంచాన పడితే, డబ్బుండి కూడా దాని ఆచూకీ తెలియక ఇల్లు అప్పు చేస్తుంది. అందుకే బాధ్యత తీసుకోవడమంటే ముందుగా తెలుసుకోవడం, ఆ తర్వాత కాగితాల మీద పేర్లు సరిచేయడం.

మొదటి జీతం వచ్చినప్పుడు

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి బాకీల పట్టీ రాయండి. ఎవరి దగ్గర తెచ్చారు, అసలు ఎంత, వడ్డీ ఎంత, ప్రోనోటు ఏ తేదీది, తాకట్టు ఏమైనా ఉందా అన్నవి అందులో ఉండాలి. వడ్డీని ఏడాది లెక్కలోకి మార్చి చూడండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షకు నెలకు 2,000 చొప్పున మూడేళ్లు కడితే 72,000 పోతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. మీ జీతంలో మిగిలినదంతా మొదట ఇలాంటి బాకీకే పోవాలి. దీన్ని పక్కన పెట్టి కొత్త పొదుపు పథకాలు మొదలుపెట్టడం నష్టమే.

కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు (ఇంత కట్టినట్టు రాత) రాయించండి. మొత్తం తీరిపోయిన రోజున నోటు వెనక్కి తీసుకోవాలి. నమ్మకం కొద్దీ నోటు అవతలివాళ్ల దగ్గరే వదిలేయడం వల్ల కట్టిన బాకీకే మళ్లీ కోర్టు నోటీసు రావచ్చు. మీరే అప్పిచ్చి ఉంటే నోటు తేదీ నుంచి మూడేళ్ల గడువు గుర్తుంచుకోండి. అది దాటకముందే కొంతైనా వసూలు చేసి, బాకీ కట్టినవారి చేతే చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే గడువు మళ్లీ అక్కడి నుంచి మొదలవుతుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను చుట్టాలు, స్నేహితులు హామీ సంతకం అడుగుతారు. అప్పు తీసుకున్నవాడి మీద ఎంత బాధ్యత ఉందో హామీదారు మీదా అంతే ఉంటుంది. అతన్ని వదిలేసి నేరుగా మిమ్మల్నే అడిగే హక్కు కూడా అప్పిచ్చినవారికి ఉంటుంది. ఆ మొత్తం మీరే కట్టగలిగితేనే సంతకం పెట్టండి.

ఇంటి ఖర్చు నెలకు 30,000 అయితే, ఆరు నెలలకు సరిపడా 1,80,000 బ్యాంకులో విడిగా ఉండాలి. ఈ డబ్బు చీటీలో వద్దు. అవసరం వచ్చిన నెలలో పాట పాడితే ఎక్కువ వదులుకోవాలి, పాట దక్కినా జామీనుదారులు దొరికేదాకా డబ్బు చేతికి రాదు.

పెళ్లయ్యాక

ఈపీఎఫ్ (ఉద్యోగుల పీఎఫ్) నామినేషన్, అంటే మీరు లేకపోతే ఆ డబ్బు ఎవరికి అందాలో రాసిచ్చేది, కొత్తగా చేయాలి. పెళ్లికి ముందు చేసినదాన్ని నమ్ముకోకండి. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) పోర్టల్‌లో ఈ-నామినేషన్ ఇంట్లోంచే పూర్తవుతుంది. ఆధార్‌లోనూ పీఎఫ్ రికార్డులోనూ పేరు, పుట్టినతేదీ ఒకేలా లేకపోతే అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ముందు అవి సరిచేయించండి. ఇంటి ఖర్చుల ఖాతాను ఇద్దరి పేరునా ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో తెరవండి. ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయవచ్చు, ఒకరు లేకపోయినా రెండోవారికి ఖాతా ఆగదు. భార్య నగలు ఆమె సొంతం. తాకట్టు తప్పనిసరైతే ఆమె ఇష్టంతో, ఆమె పేరు మీదే లోను తీసుకోండి, విడిపించాక ఆమె చేతికే ఇవ్వండి.

పిల్లలు పుట్టాక

సంపాదించేవారికి టర్మ్ పాలసీ (గడువులోపు చనిపోతే ఇంటివాళ్లకు సొమ్ము ఇచ్చే బీమా) ఉండాలి. ఏడాది ఆదాయానికి పది పన్నెండు రెట్లు, దానిపైన ఇంటి అప్పు ఎంతుందో అంత. నెలకు 40,000 వచ్చే ఇంటికి, అప్పు కాక, ఇది సుమారు 48 నుంచి 58 లక్షలు. వ్యాపారపు అప్పులున్న మగవారైతే పాలసీని వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోవాలి. అప్పుడు ఆ సొమ్ము భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు దాని మీదకు రాలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఈ మాట రాయించాలి.

పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. ఏడాదికి 250 నుంచి 1,50,000 వరకు, 15 ఏళ్లు కట్టాలి. తెరిచిన 21 ఏళ్లకు గడువు తీరుతుంది.

అమ్మానాన్నల లెక్క మీ చేతికి వచ్చేటప్పుడు

అన్నిటికన్నా ఆలస్యం చేసేది దీన్నే, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. అడిగితే ఆస్తి మీద కన్నేశారనుకుంటారేమోనని పిల్లలు అడగరు, ఇంకా బాగానే ఉన్నాం కదా అని పెద్దవాళ్లు చెప్పరు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు అందరి ముందూ మాట్లాడండి. డబ్బు ఎవరి పేరు మీదికీ మార్చనక్కర్లేదు, జాబితా రాస్తే చాలని ముందే చెప్పండి.

ఒక నోట్‌బుక్కులో బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాలు, డిపాజిట్ల గడువులు, బీమా పాలసీలు, పట్టాదారు పాసుపుస్తకం నంబరు, ఇంటి దస్తావేజులు ఉన్న చోటు, ఇచ్చిన పుచ్చుకున్న అప్పులు, ప్రతి దానికీ నామినీ పేరు రాయండి. ఏటీఎం పిన్ మాత్రం రాయొద్దు, అడగొద్దు. ఆ ఖాతాలో మీ పేరూ చేర్పించడమే సరైన దారి. సంతకం పెట్టలేని స్థితిలో ఉన్నా ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. పవరాఫ్ అటార్నీ (వాళ్ల తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. రాసిచ్చినవారు చనిపోయినా, మతి తప్పినా అది చెల్లదు.

కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఉంటే ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం (బతికి ఉన్నట్టు ధ్రువీకరణ) ఇవ్వాలి. 80 దాటినవారికి అక్టోబరు నుంచే వీలుంటుంది. అది ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది.

బ్యాంకు డబ్బుకు నామినీ అంటే తీసుకుని పంచాల్సినవారే తప్ప సొంతదారు కాదు. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే తల్లికీ సమాన వాటా ఉంటుంది. తగవు వద్దనుకుంటే వీలునామా రాయించడం మేలు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. వాటా పొందేవారిని సాక్షులుగా పెట్టకండి. సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయిస్తే తర్వాత అనుమానాలు తగ్గుతాయి.

పెద్దవాళ్లు బతికుండగానే ఇల్లు గిఫ్టు డీడుగా రాసిచ్చేస్తుంటే, తమను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించాలి. షరతు ఉండి పిల్లలు చూడకపోతే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. నోటిమాటగా అనుకున్న షరతును నిరూపించడం చాలా కష్టం. ఇది పిల్లలే గుర్తుచేసి రాయించాల్సిన మాట.

ఒకరు పోయినప్పుడు

1. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించి ధ్రువపత్రం నాలుగైదు ప్రతులు తీసుకోండి.
2. చనిపోయినవారి ఏటీఎం కార్డుతోగానీ ఫోన్‌లోని యూపీఐతోగానీ డబ్బు తీయకండి. మిగతా వారసులు ఫిర్యాదు చేస్తే చిక్కుల్లో పడతారు.
3. మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలో, కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి.
4. పాసుబుక్కులో మే నెలాఖరు పద్దులు చూడండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే జీవన జ్యోతి, 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్ష బీమా ఉన్నట్టు. మొదటిది ఏ కారణంతో పోయినా, రెండోది ప్రమాదంలో పోతే 2 లక్షలు ఇస్తుంది. ఇంట్లోవాళ్లకు తెలియక అడగకుండా వదిలేసే డబ్బు ఇదే.
5. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్, పెన్షన్‌తో పాటు ఈడీఎల్ఐ (పీఎఫ్ సభ్యులకు ఉండే జీవిత బీమా) కూడా అడగండి. అది 7 లక్షల వరకు ఉంటుంది.
6. ఎవరూ అడగక మిగిలిపోయిన పాత ఖాతాల కోసం రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో పేరు పెట్టి వెతకండి.

మీరు రిటైరయ్యేటప్పుడు

వచ్చిన మొత్తమంతా ఒకే బ్యాంకులో పెట్టకండి. ఒక బ్యాంకులో ఒకరికి డిపాజిట్ బీమా వడ్డీతో కలిపి 5 లక్షలకే. 60 దాటినవారు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల వరకు పెట్టవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. జీవిత భాగస్వామిని జాయింటుగా చేర్చి తెరవండి. ఆ వడ్డీ పడే ఖాతా నుంచి డబ్బు తీయడం, ఎఫ్‌డీ రెన్యువల్ చేయించడం మీ ఇద్దరిలో ఇప్పటిదాకా బ్యాంకుకు వెళ్లని వారిచేతే ఒకటి రెండుసార్లు చేయించండి.