పావురం మేతకి రాలేదా? మందు కలిపే ముందు గొంతు చూడండి

తునిలో వదిలిన రేసు పావురం గంటన్నర, మహా అయితే రెండు గంటల్లో వైజాగ్ కంచరపాలెంలో మా డాబా మీద వాలాలి. ఆ నీలం పెట్ట పొద్దున ఏడింటికి బయల్దేరి మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ఎండకి అలిసిపోయిందనుకున్నాను. మర్నాడు మేతకి రాలేదు. జలుబేమోనని కోళ్ళ మందుల షాపులో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి తెచ్చి నీళ్ళలో కలిపి నాలుగు రోజులు పెట్టాను. ఐదో రోజు అనుమానమొచ్చి ముక్కు తెరిచి చూస్తే, గొంతు లోపల పసుపు రంగు జున్ను ముక్కలాంటిది అడ్డంగా పెరిగిపోయి ఉంది. ఆ సాయంత్రమే పోయింది. నేనిచ్చింది మంచి మందే, కాకపోతే ఆ జబ్బుది కాదు. పావురాలు పెంచే మనలో చాలామంది చేసే తప్పు ఇదే. పక్షి డల్‌గా ఉంటే చాలు, ఇంట్లో ఉన్న మందు నీళ్ళలో పోసేస్తాం. ఆ పని మానేసి ఏం చేయాలో వరసగా చెప్తాను.

1. పొద్దున్నే, మేత వేయకముందు చూడండి

జబ్బు పడ్డ పావురం దాన్ని దాచుకుంటుంది. అడవి పక్షి బుద్ధి అది. మేత డబ్బా చప్పుడు వినగానే మిగతావన్నీ కిందకి దూకితే, ఒకటి మాత్రం ఆలస్యంగా దిగుతుంది, లేదా దిగి రెండు గింజలు ముక్కుతో తీసి పడేస్తుంది. దాని మీద కన్నేయండి.

తర్వాత రెట్టలు. ఆరోగ్యంగా ఉన్న పావురం రెట్ట గట్టిగా, గుండ్రంగా, గోధుమ రంగులో ఉండి పైన తెల్లటి టోపీ ఉంటుంది. ఒక్కోసారి దానికి చిన్న నూగు ఈక అంటుకుని ఉంటుంది, అది మంచి లక్షణం. పచ్చగా జిగురుగా ఉన్నా, నీళ్ళ మడుగులో చిన్న పురుగులాంటి ముక్క తేలుతున్నా ఎక్కడో తేడా ఉంది. ముక్కు మీద బుడిపె సుద్దముక్కలా తెల్లగా ఉండాలి. బూడిద రంగుకి తిరిగితే ఊపిరి సంబంధమైన ఇబ్బంది మొదలై ఉండొచ్చు.

2. చేతిలోకి తీసుకోండి

రెండు కాళ్ళూ చూపుడువేలు, మధ్యవేలు మధ్య ఇరికించి, బొటనవేలు రెక్కల చివర్ల మీద వేసి పట్టుకోండి. రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగిలితే ఒంట్లో కండ తగ్గిపోయినట్టు. మేత తిత్తి, అంటే గొంతు కింద గింజలు నిలవుండే సంచి, నొక్కి చూడండి. నిన్నటి గింజలు ఇంకా అలాగే ఉన్నాయా, నీళ్ళు నిండి బుడగలా ఉందా? ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకోమనండి. ముక్కు మెల్లగా తెరిచి అంగిట్లో ఉన్న చీలిక, నాలుక కింద, గొంతు లోపల చూడండి. గులాబీ రంగులో శుభ్రంగా ఉండాలి. వాసన కూడా చూడండి, పుల్లటి కుళ్ళు వాసన రాకూడదు. ఇదంతా కలిపి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే నా పెట్ట బతికేది.

3. వేరు చేసి, కింద పేపరు పరవండి

అనుమానం వచ్చిన పక్షిని గాలి తగిలే, ఎండ నేరుగా పడని కేజ్‌లో ఒంటరిగా పెట్టండి. అడుగున న్యూస్‌పేపరు పరవండి. ఒక రోజంతా అది వేసిన రెట్టలు ఆ పేపరు మీద లెక్క చెప్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తాజా రెట్ట చిన్న డబ్బాలో పట్టుకెళ్తే మైక్రోస్కోపు కింద చూసి పురుగులున్నాయో, కాక్సిడియా అనే పేగుల పరాన్నజీవి ఉందో చెప్పగలరు. ఊహ మీద నాలుగు మందులు వాడటం కన్నా ఆ ఒక్క పరీక్ష చవక.

4. జబ్బు ఏదో గుర్తుపట్టండి

*క్యాంకర్.* గొంతులో పసుపు గడ్డ, దుర్వాసన, గింజ మింగలేకపోవడం. దీనికి కారణం ట్రైకోమొనాస్ అనే ఏకకణ పరాన్నజీవి. ఎండిన చోట ఇది బతకదు. అందుకే ఒకదాని నుంచి ఇంకోదానికి తడి దారిలోనే పోతుంది, అంటే ఒకే గిన్నెలో నీళ్ళు తాగడం, ముక్కులు కలుపుకోవడం, తల్లీతండ్రీ పిల్లలకి తిత్తిపాలు (తిత్తిలో ఊరే పాలలాంటి మేత) పట్టడం. పెద్ద పక్షుల్లో చాలావాటికి ఇది కొంచెం ఉంటూనే ఉంటుంది, బయటపడదు. దూరం ఎగిరి అలిసినప్పుడో, పిల్లలు సాకుతున్నప్పుడో విజృంభిస్తుంది.

గడ్డని పుల్లతో గీకి తీయాలని చూడకండి, రక్తం కారి పక్షి చచ్చిపోవచ్చు. మందు మెట్రోనిడజోల్, లేదా దొరికితే రోనిడజోల్. సాధారణంగా ఐదు రోజుల కోర్సు ఉంటుంది. రేసింగ్ పావురం బరువు 400–500 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికన్నా సుమారు 150 రెట్లు తక్కువ. మెడికల్ షాపులో కొన్న 400 మిల్లీగ్రాముల మాత్రని సగం చేసి గొంతులో వేస్తే జబ్బు పోవడం మాట అటుంచి, మెడ తిరిగి పడిపోతుంది. వంటింటి త్రాసు మీద పక్షిని తూచి, ఆ బరువుకి ఎంతో డాక్టరుని అడిగి ఇవ్వండి. ఒకదానిలో తేలితే మిగతావాటికీ ఒకేసారి ఇవ్వాలా అన్నది కూడా అడగండి, ఎందుకంటే అన్నీ తాగేది ఒకే గిన్నెలో. ఆ గిన్నె రోజుకోసారి కడిగి ఎండబెట్టండి. రెండు గిన్నెలుంటే మార్చి మార్చి పెట్టుకోవచ్చు.

*కాక్సిడియోసిస్.* పల్చటి పచ్చ రెట్టలు, ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చోవడం. ఎక్కువగా పిల్ల పక్షులకి వస్తుంది. రెట్టలో పడ్డ దాని గుడ్లు తడిలో ఒకటి రెండు రోజుల్లోనే జబ్బు పుట్టించే దశకి వస్తాయి. మన వైజాగ్ ఉక్కపోతకి, తుఫాను పట్టి నాలుగు రోజులు ఎండ ముఖం కనబడని రోజులకి ఇంతకన్నా అనువైన చోటుండదు. టోల్ట్రాజురిల్ గానీ ఆంప్రోలియం గానీ వాడతారు. ఆంప్రోలియం పెట్టిన రోజుల్లో బి1 ఉన్న విటమిన్ కలపకండి, మందు పని చేయదు. కింద తడి ఉన్నంతకాలం ఏ మందైనా నెల తిరక్కుండానే మళ్ళీ కొనాల్సి వస్తుంది. రోజూ గీకి, నేల పొడిగా ఉంచండి.

*మెడ తిరుగుడు.* దీన్ని చూసి భయపడి పక్షిని పారేసినవాళ్ళున్నారు. ఇది పారామిక్సో వైరస్, కోళ్ళకి వచ్చే కొక్కెర తెగులు వైరస్‌కి దగ్గరి చుట్టం. మొదట విపరీతంగా నీళ్ళు తాగుతుంది, రెట్టంతా నీళ్ళే. ఆ తర్వాత తల వణుకుతుంది, మెడ తిరిగి ఆకాశం చూస్తుంది, గింజ మీద గురిపెట్టి పక్కన పొడుస్తుంది. వైరస్‌కి మందు లేదు. అయినా చాలా పక్షులు కొన్ని వారాల్లో కోలుకుంటాయి, ఈలోపు ఆకలితో చచ్చిపోకుండా చూసుకోవడమే మన పని. లోతైన గిన్నెలో గింజలు నిండుగా పోస్తే ఎలా పొడిచినా ముక్కుకి ఏదో ఒకటి దొరుకుతుంది. అదీ చేతకాకపోతే నానబెట్టిన బఠానీలు ఒక్కొక్కటీ నోట్లో పెట్టండి. పూటకి ముప్పై, నలభై పెట్టినా ఓపిక పట్టాలి. నీళ్ళలో ఓఆర్‌ఎస్ కలపండి. పక్కింటి నాటుకోళ్ళని దగ్గరికి రానివ్వకండి.

మెడ తిరిగినవన్నీ ఇదే అనుకోవద్దు. పారాటైఫాయిడ్‌లో కూడా మెడ తిరుగుతుంది. అయితే అప్పుడు రెక్క కీలు దగ్గర గడ్డలా వాచి రెక్క వాలిపోవడం, ఒంటికాలి మీద నిలబడటం, పచ్చటి జిగురు రెట్టలు కనిపిస్తాయి. అది సాల్మొనెల్లా బాక్టీరియా పని, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడాలి.

*ఒక కన్ను నీరు కారడం.* ఒకే కన్ను ఎర్రబడి, నీరు కారి, బుడిపె బూడిద రంగయితే క్లమీడియా అనే బాక్టీరియా కావచ్చు. డాక్సీసైక్లిన్ పని చేసేది ఇలాంటి చోట. మందు పెట్టినన్ని రోజులు గ్రిట్ (మేత అరగడానికి పెట్టే చిన్న రాళ్ళ పొడి), గవ్వల పొడి తీసేయండి, కాల్షియం ఆ మందుని కట్టేస్తుంది. ఈ జబ్బు మనకీ అంటుకుంటుంది. గూడు ఊడ్చేటప్పుడు మాస్కు పెట్టుకోండి. పొడి దగ్గు, జ్వరం తగ్గకపోతే మీ డాక్టరుకి పావురాలు పెంచుతున్నానని ముందే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

*మశూచి బొబ్బలు.* కళ్ళ చుట్టూ, ముక్కు మొదట్లో, కాళ్ళ మీద పులిపిర్ల లాంటి పొక్కులు. దోమలు మోసుకొస్తాయి. మూడు నాలుగు వారాల్లో ఎండి రాలిపోతాయి, గిల్లకండి. గూటికి దోమతెర కొట్టించండి. మన ఊళ్ళో దోమల సంగతి నేను చెప్పక్కర్లేదు.

పురుగులకి మాత్రం రెట్ట పరీక్ష చేయించాకే మందు వేయండి. ఈకలు మారుతున్న కాలంలో ఫెన్‌బెండజోల్ ఇస్తే కొత్త ఈకలు వంకరగా వస్తాయి. రేసు పక్షికి అది ఏడాది నష్టం.

5. గూటిలోకి జబ్బు రాకుండా

కొత్తగా కొన్న పక్షయినా, దారి తప్పి మీ డాబా మీద వాలిన పక్షయినా నెల రోజులు వేరుగా ఉంచండి. ఈ నియమం ఎవరూ పాటించరు, నేనూ చాలాకాలం పాటించలేదు. పారామిక్సోకి టీకా ఉంది, రేసులకి కొన్ని వారాల ముందే డాక్టరు చేత వేయించండి. పూర్ణా మార్కెట్‌లో మొక్కజొన్న, సజ్జలు కొనేటప్పుడు గుప్పెడు తీసి వాసన చూడండి. ముక్కవాసన వస్తే ఎంత చవకైనా వద్దు, బూజు పట్టిన గింజ కాలేయాన్ని తినేస్తుంది. తెచ్చిన గింజని ఒక పూట ఎండలో ఆరబోసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి.

6. మళ్ళీ ఎగరేయడం

మందు అయిపోయిన మర్నాడే బుట్టలో పెట్టి అనకాపల్లి తీసుకెళ్ళకండి. రెట్ట మళ్ళీ గట్టిపడి, బుడిపె తెల్లబడి, రొమ్ము నిండే దాకా డాబా చుట్టూ ఎగరనివ్వండి. తనంతట తాను అరగంట ఎగిరి రెక్కలు టపటపలాడించుకుంటూ దిగిందంటే గోపాలపట్నం నుంచి ఒకసారి వదలండి. దిగాక నోరు తెరుచుకుని రొప్పుతోందా, మేతకి ముందు పరిగెత్తిందా చూడండి. ముందు పరిగెత్తితే, వచ్చే ఆదివారం అనకాపల్లి.